పెదవి కలవని బిస్మిల్లాహ్

పత్తికొండ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మా ముందున్నది. ఆమె తల్లిగారికి ఎడమకన్ను అదరడం మొదలై ఏండ్లు గడిచినవి. మొదట శకునమన్నారు, పిదప నజర్ అన్నారు, తాయెత్తు కట్టించారు. అదురు కంటి నుండి చెంపకు, చెంప నుండి పెదవి కొసకు ప్రాకినది. నిద్రలో సైతం ఆగలేదు. చివరకు శస్త్రచికిత్స జరిగి అదురు నిలిచినది. కాని పది దినాల తరువాత అదే ప్రక్క ముఖం జారిపోయినది. నరం తెగినదా, మళ్లీ నజర్ తగిలినదా అని సోదరి ప్రశ్న.

నరమే తెగి ఉంటే ముఖం ఆనాడే పడిపోయేది. మెదడు కాండం నుండి ముఖనరం బయలుదేరే చోట ఒక రక్తనాళం దానిని నొక్కడమే ఈ అదురుకు సాధారణ కారణం. వైద్యులు చెవి వెనుక పుర్రెకు చిన్న రంధ్రం చేసి, నాళానికీ నరానికీ నడుమ టెఫ్లాన్ మెత్తను ఉంచుతారు. అమెరికా శస్త్రవైద్యుడు పీటర్ జానెట్టా ఈ పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చారు. దీని తరువాత కొన్ని దినాలకో, రెండు మూడు వారాలకో ఆలస్యంగా వచ్చే బలహీనత చాలామందిలో వారాలలో లేదా కొద్ది నెలలలో తగ్గిపోతుంది. అయినను ఇంట కూర్చొని ఊహించరాదు. శస్త్రచికిత్స చేసిన వైద్యునికే వెంటనే చూపవలెను. చేయి, కాలు కూడా పడిపోయినా, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి వచ్చినా ఒక్క పూట కూడా ఆగరాదు.

అన్నింటికన్న ముందు కన్ను. రెప్ప మూతపడని కన్ను ఎండి, నల్లగ్రుడ్డుపై పుండు పడవచ్చు. ముఖం బాగుపడినా పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. వైద్యులు వ్రాసిన చుక్కలు పగలు, మలాము రాత్రి, పడుకొనేటప్పుడు రెప్పపై టేపు, బయట దుమ్ములోనికి పోతే కళ్లద్దాలు తప్పనిసరి.

ఈ బలహీనత రావచ్చునని, వినికిడి తగ్గే అవకాశమూ ఉన్నదని ముందుగా తమకెవ్వరూ చెప్పలేదని సోదరి వాపోయారు. ఆ మాట చెప్పడం వైద్యునిపై అమానత్. బొటాక్స్ సూదులతో మూడు నాలుగు నెలలు అదురు అణుగుతుందన్నదీ చెప్పవలసినదే. సంతకానికి ముందు అడగడం మన హక్కు.

ఉత్తరం చివరి వాక్యం వద్ద మేము ఆగిపోయాము. తల్లిగారు ఖుర్ఆన్ బిగ్గరగా చదవడం మానివేశారట. బా, మీమ్, వావ్, ఫా పెదవుల అక్షరాలు. బిస్మిల్లాహ్ అనడానికే రెండు పెదవులు కలవాలి. తన ఉచ్చారణ చెడినదని ఆమె సిగ్గుపడుతున్నారు. తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెట్టింపు పుణ్యమని దైవప్రవక్త (స) శుభవార్త నిచ్చారు కదా! ఫజ్ర్ తరువాత తల్లి ప్రక్కన కూర్చొని, ఆమె చదువుతుంటే వినవలసినదిగా సోదరికి వ్రాశాము.