బిల్లులోనే ఉన్న అబద్ధం

మే నెల రాత్రి పదింటికి కరెంటు పోతే మనం ముందు తిట్టేది లైన్‌మన్‌ని. తిట్టాక ఒకసారి కరెంటు బిల్లు తీసి చూడండి. ‘కాంట్రాక్టెడ్ లోడు’ అని, అంటే ఒకేసారి ఇంతవరకే వాడతామని మనం ఒప్పుకున్న, ఒక అంకె ఉంటుంది. చాలా పాత ఇళ్లకు అది 1 కిలోవాటే. ఎప్పుడో నాలుగు ఫ్యాన్లు, ఆరు లైట్లు, ఒక టీవీ చూపించి రాయించుకున్నది.

ఇప్పటి ఇంటిని లెక్కేద్దాం. టన్నున్నర ఏసీ ఒకటిన్నర కిలోవాట్ల దాకా లాగుతుంది. గీజరు 2. రెండు ఏసీలు, ఒక గీజరు కలిస్తేనే 5 కిలోవాట్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ ఫేజ్‌కి హద్దు అదే. దాటితే త్రీ ఫేజ్ తీసుకోవాలి.

లోడు పెంచుకుంటే డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ కట్టాలని ఊరుకుంటాం. కానీ 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ అనధికార వాడకానికి రెట్టింపు రేటు వేయమంటుంది. మంజూరైన లోడు మించి వాడటమూ ఆ కోవలోకే వస్తుందని 2011లో ఒడిశా రైసుమిల్లు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, స్మార్ట్ మీటరున్న ఇంట్లో వాడకం ఏడాదిలో మూడుసార్లు మంజూరైన లోడు దాటితే ఆ లోడును సవరించవచ్చు.

తప్పు మన ఒక్కరిదే కాదు. 1 కిలోవాట్ సర్వీసు మీద నెలకు 600 యూనిట్లు కాలాయంటే, 25 రోజులు రేయింబవళ్లు పూర్తి లోడు ఆపకుండా వాడినట్టు. ఏ ఇల్లూ అలా వాడదు. ఆ రెండు అంకెలూ డిస్కం ఇచ్చిన ఒకే కాగితం మీద ఉంటాయి. అబద్ధమని ఇచ్చేవాళ్లకీ తెలుసు, పుచ్చుకునేవాళ్లకీ తెలుసు. తెలియనిది ట్రాన్స్‌ఫార్మర్‌కే. పగలు ఒకరు మోటారు వేస్తే ఇంకొకరు ఇస్త్రీ చేసుకుంటారు కాబట్టి సర్దుకుపోతుంది. రాత్రి వీధి మొత్తం ఒకేసారి ఏసీ వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఇంట్లో జరిగేది ఇంకా ప్రమాదం. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టిస్తాం. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలోని తీగను. ఆ తీగ పాతదే.

డిస్కంలు తనిఖీల పేరుతో భయపెట్టడం మాని, బిల్లు చూసి ‘మీ లోడు ఇంత ఉండాలి’ అని వేసవికి ముందే చీటీ పంపాలి. ఛార్జీలను వాయిదాల్లో కట్టనివ్వాలి. మనం ఏసీ బేరమాడేటప్పుడే లోడు ఖర్చూ కలుపుకోవాలి. ఆ తర్వాతా కరెంటు పోతే, అప్పుడు తిట్టే హక్కు మనకుంటుంది. అప్పుడైనా లైన్‌మన్‌ని కాదు.