నాచారం ఈఎస్ఐ కార్డు మీద డాక్టర్ సీటు



తండాలు, గూడేలు విడిచి ఉప్పల్, నాచారం కంపెనీల్లో పనిచేసే మనోళ్లకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి తెలుసు. చీటీ, లైను, గోలీలు. అదే కార్డుతో పిల్లలకు ఎంబీబీఎస్ సీటు దొరకొచ్చని చెప్పేటోళ్లే తక్కువ.

2016లో సనత్‌నగర్‌లో ఈఎస్ఐ సంస్థ తన ఆసుపత్రికి తోడుగా మెడికల్ కాలేజీ పెట్టింది. డిగ్రీ ఇచ్చేది కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, పని నేర్పేది ఆసుపత్రి వార్డు. అందులో బీమా ఉన్న కార్మికుల పిల్లలకు కొన్ని సీట్లు ప్రత్యేకం. నీట్ రాయాల్సిందే. దాంతోపాటు ఈఎస్ఐ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కూడా కావాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నెలకు 21,000 లోపు జీతముంటే కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కాంట్రాక్టర్ ఇది ఎగ్గొడితే అమ్మానాన్నలకు మందులే కాదు, బిడ్డకు సీటు అడిగే హక్కు కూడా పోతది. దీన్ని చిన్న ఎగవేత అనొద్దు, నా దృష్టిలో ఇది చదువు దొంగతనం.

ఇంకో మాట. అందరూ డాక్టర్లే కానక్కర్లేదు. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ పిల్లలకు నాచారం ఆసుపత్రిలో కూడా శిక్షణ పెట్టాలని, అందులో మన పిల్లలకు చోటివ్వాలని విద్యార్థి సంఘాలు అడగాలె. గోర్ బోలిలో "ఎక్కడ నొప్పి?" అని అడిగే నర్సుంటే మన అవ్వ సగం భయం వదిలేస్తది కదా!

ఈ వారం ఇంట్లో జీతం చీటీ తీసి చూడుండ్రి. ఈఎస్ఐ కోత ఉందా, లేదా? లేకపోతే కంపెనీ పేరు ఇక్కడ రాయకుండా అడ్మిన్‌కు చెప్పుండ్రి, కలిసి పోయి అడుగుదాం.