ఊడిన గొడ్డలి, సరిపడని బోల్టు

1990 జూన్ 10వ తేదీ ఉదయం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం బయలుదేరింది. అందులో 81 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది ఉన్నారు. 17,300 అడుగుల ఎత్తుకు చేరేసరికి కెప్టెన్ ఎదుట ఉన్న అద్దం ఒక్కసారిగా ఊడిపోయింది. గాలి తోపుకు ఆయన శరీరం సగానికి పైగా బయటికి వెళ్లిపోయింది. సిబ్బందిలో ఒకరు పరుగున వచ్చి ఆయనను పట్టుకున్నారు. కెప్టెన్ చనిపోయాడనే అందరూ అనుకున్నారు, అయినా పట్టు వదలలేదు. సుమారు 20 నిమిషాల తర్వాత కో పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు. కొన్ని నెలలకు మళ్లీ విమానం నడిపాడు కూడా.

ఇలాంటి సంగతి వినగానే దేవుడే కాపాడాడు అంటాం. అనవలసిందే. అయితే మన సాక్ష్యాలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. ఆ అద్దం ఎందుకు ఊడిందని అడగడం కూడా భక్తిలో భాగమే.

విమానం ఎగరడానికి 27 గంటల ముందు, రాత్రి షిఫ్టులో ఆ అద్దాన్ని మార్చారు. మార్చినవాడు కొత్తవాడు కాడు, ఆ షిఫ్టుకు బాధ్యుడే. మనుషులు తక్కువగా ఉన్నారని పని తానే చేశాడు. విడిభాగాల కేటలాగు తెరవకుండా పాత బోల్టునే నమూనాగా పట్టుకున్నాడు. ఆ అద్దానికి వాడేది మరో కొలత బోల్టు అని స్టోరులోని వ్యక్తి చెప్పినా, పాతదానితోనే సరిచూసుకున్నాడు. అక్కడ సరిపడా దొరకకపోతే మరో చోటికి వెళ్లి, చాలని వెలుతురులో కంటితోనే పోల్చి తెచ్చుకున్నాడు. బిగించిన 90 బోల్టులలో 84 ఉండవలసిన దానికన్నా సన్ననివి. తేడా ఎంతో తెలుసా? అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 26. మిగిలిన ఆరూ పొట్టివి.

ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ పాత బోల్టుల సంగతి. అవీ సరైనవి కావు, పొట్టివే. అయినా ఏళ్ల తరబడి అద్దాన్ని నిలబెట్టాయి. వెంటనే శిక్ష రాని తప్పు మనిషిని ఎలా ధైర్యపరుస్తుందో ప్రసంగి చెప్పాడు (ప్రసంగి 8:11). నిన్నటి పొరపాటు ఏ నష్టమూ చేయకపోతే నేడు అదే కొలబద్ద అవుతుంది. దర్యాప్తు అధికారులు కూడా దీన్ని ఒక్క రాత్రి అజాగ్రత్తగా చూడలేదు. రాసి ఉన్న పద్ధతిని పక్కనబెట్టడం అతనికి ఎప్పటినుంచో ఉన్న అలవాటనీ, పైవారు దాన్ని గమనించలేదనీ తేల్చారు. పైగా ఆ పనిని రెండో వ్యక్తి తప్పక పరీక్షించాలన్న నియమమే లేదు. బిగించినవాడే బాగుందని సంతకం చేశాడు. దానికి అసలు పరీక్ష ప్రయాణికులతో ఆకాశంలోనే జరిగింది.

బైబిలులో కూడా ఒక పనిముట్టు ఊడిపోయిన సంగతి ఉంది. ఒకడు పొరుగువానితో కలిసి కట్టెలు కొట్టడానికి అడవికి వెళతాడు. గొడ్డలి పిడి నుంచి ఊడి, తగిలి పొరుగువాడు చనిపోతాడు. పగ లేదు, పన్నాగం లేదు. అటువంటివాడు పారిపోయి బతకడానికి దేవుడు ఆశ్రయపురాలను ఏర్పరచాడు, వాటికి దారి కూడా సిద్ధపరచమన్నాడు (ద్వితీయోపదేశకాండము 19:3-5). పొంచి ఉండి చంపినవాడికి మాత్రం అక్కడ చోటు లేదు. అలాగని పొరపాటును తప్పే కాదని వాక్యం కొట్టిపారేయలేదు. తెలియక చేసిన పాపానికీ బలి అర్పించవలసిందే. లేవీయకాండము నాలుగో అధ్యాయంలో ఆ వరుస చూడండి. మొదట యాజకుడు, తర్వాత సమాజమంతా, ఆ తర్వాత అధికారి, చివరికి సామాన్యుడు. కాపరులమైన మేము ఈ వరుసను మరింత శ్రద్ధగా చదవాలి.

లోకం వరుస తరచూ దీనికి తలకిందులుగా ఉంటుంది. 1996 అక్టోబరులో పెరూ దేశపు విమానం ఒకటి సముద్రంలో కూలి 70 మంది మరణించారు. విమానాన్ని కడిగేటప్పుడు ఎత్తు, వేగం కొలిచే రంధ్రాలకు అతికించిన టేపును తీయడం మరిచారు. బయలుదేరేముందు విమానాన్ని చూడవలసిన ఇతరుల కళ్లకూ అది ఆనలేదు. శిక్ష పడింది మాత్రం టేపు తీయని కార్మికుడికి.

మన సంఘాల్లో మాత్రం వేరేగా ఉందా? కానుకలు ఒక్కరే లెక్కపెట్టి, ఒక్కరే రాసి, ఒక్కరే బ్యాంకులో వేసే సంఘాలు ఎన్నో ఉన్నాయి. ఇద్దరుండాలని ఎవరైనా అంటే, నమ్మకం లేదా అని కోపం వస్తుంది. పౌలు తీతును అనుమానించాడా? లేదు. అయినా యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన సొమ్ము విషయంలో నింద రాకూడదని అతనితో మరి ఇద్దరు సహోదరులను పంపాడు (2 కొరింథీ 8:16-22). రెండో మనిషి చూడటం అవమానమని మనకు ఎవరు నేర్పారో గానీ, వాక్యం మాత్రం నేర్పలేదు.

అంతకన్నా కష్టమైనది మరొకటి ఉంది. పొరపాటు బయటపడితే దాన్ని కప్పేస్తాం, లేదా మనిషినే వెలివేస్తాం. ఈ రెండూ చూసినవాడు తర్వాత నోరు విప్పడు. లేవీయకాండంలో బలి మొదలయ్యేది ఆ తప్పు తెలియవచ్చినప్పుడు. ఎవరో ఒకరు చెబితేనే కదా అది తెలిసేది! ఆశ్రయపురానికి వచ్చినవాడు గుమ్మం దగ్గర నిలబడి తన సంగతి చెప్పుకునేవాడు, పెద్దలు విని లోపలికి చేర్చుకుని చోటిచ్చేవారు (యెహోషువ 20:4). మార్చి నెలాఖరున లెక్క కుదరని కోశాధికారి మొదట ఎవరి గడప తొక్కాలో, తొక్కినప్పుడు ఆ ఇంట్లో అతనికి వినిపించే మొదటి మాట ఏమిటో, సంఘ పెద్దలు ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక అరగంట కూర్చుని మాట్లాడుకోవచ్చు.