రహెబోతు బావి

ఇస్సాకు గెరారు లోయలో బావి తవ్విస్తే ఊట పడింది. వెంటనే స్థానిక కాపరులు ఆ నీళ్లు తమవేనంటూ గొడవకు దిగారు. ఆ బావికి ‘ఏశెకు’, అంటే జగడమని పేరుపెట్టి ఇస్సాకు కదిలిపోయాడు. రెండో బావి దగ్గరా అదే తంతు. మూడోదానికి ఎవరూ అడ్డురాలేదు. అది ‘రహెబోతు’, అంటే విశాలస్థలం (ఆది. 26:19–22).

హైదరాబాద్ శివార్లలో తరచూ వినిపించేదీ ఏశెకు జగడమే. కొత్త కాలనీలకు పైపులైను వేస్తే తమ కుళాయిలో ధార సన్నబడుతుందని పాతవారి భయం. ఇంటిపన్ను కట్టి కూడా ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సి వస్తోందని కొత్తవారి బాధ. రెండూ నిజమే. కానీ నగరానికి 2004లో కృష్ణా, 2015లో గోదావరి నీళ్లు వచ్చింది వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి. అంత దూరపు నీళ్లు తాగుతూ పక్కవీధికి వద్దనడం న్యాయమా?

పైపు పొడిగిస్తే నీళ్లు పెరగవన్నదీ వాస్తవమే. అందుకే ఇస్సాకు మొదట చేసిన పని గుర్తుచేసుకోవాలి. ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిన తండ్రి బావుల్ని ఆయన మళ్లీ తవ్వించాడు (26:18). ప్లాట్ల కోసం మనవాళ్లు పూడ్చిన చెరువులెన్నో! ఇళ్లకు అనుమతిచ్చే అధికారులు ముందు నీటిదారి చూపాలి. విశ్వాసులు తమ ఇంట్లో, మందిర ఆవరణలో ఇంకుడుగుంత తవ్వాలి. పొరుగువాడి కుళాయికి అడ్డుపడే అర్జీ మీద మాత్రం సంతకం చేయకూడదు.

జగడమాడేవారికి ఏశెకే మిగులుతుంది. తవ్వేవారికే రహెబోతు దొరుకుతుంది.