సైడు చక్రాలకి విలువ లేదట!

ఈ మధ్య ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక గొడవ జరిగింది. గొడవంటే కొట్టుకోలేదు లెండి, గొంతులు మాత్రం కాస్త పెరిగాయి. కారణం తెనాలిలో ఉన్న మా మామయ్య బండి. ఇంటికొచ్చాక కూడా కడుపుమంట చల్లారక ఇది రాస్తున్నాను. ఘాటు ఎక్కువైతే క్షమించాలి.

ముందు బండి సంగతి. మామయ్యకి చిన్నప్పుడే పోలియో వచ్చింది. రెండు కాళ్లలోనూ సత్తువ లేదు. తెనాలిలో జెరాక్సు షాపు నడుపుకుంటాడు. 2020 ఆఖర్లో యాక్టివా 6జీ కొని సైడు చక్రాలు బిగించుకున్నాడు. ఊళ్లో అందరూ 'మూడు చక్రాల బండి' అంటారు గానీ, లెక్కపెడితే నాలుగుంటాయి: ముందొకటి, వెనక బండితో వచ్చినదొకటి, దానికి అటూ ఇటూ ఇనప ఫ్రేముకి బిగించినవి రెండు. ఇలాంటి స్కూటరుకి గేర్లు మార్చే పని లేదు, కాలితో తొక్కే బ్రేకు లేదు, అంతా చేతుల మీదే నడుస్తుంది. అందుకే ఈ కిట్లు ఎక్కువగా వీటికే కడతారు.

ఇప్పుడు మామయ్య రివర్సు గేరున్న కిట్టుతో కొత్త బండి తీసుకుంటున్నాడు. పాతది అమ్మాలి. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లవాడివి కదా, రేటెంతో చూసి చెప్పు" అన్నాడు. అదెంత పని అనుకున్నాను. పాత బండ్లకి రేటు కట్టే సైటొకటి తెరిచి, మోడలూ, సంవత్సరమూ, తిరిగిన కిలోమీటర్లూ ఇచ్చాను. చివర్లో ఒక గడి: 'బండిలో ఏమైనా మార్పులు చేశారా?' నిజాయితీగా అవునని టిక్కు పెట్టాను. రేటు ధడాలున పడిపోయింది. ఆ గడికి సంబంధించినంత వరకూ కుర్రాళ్లు సైలెన్సర్ మార్చి చెవులు చిల్లులు పడేలా తిరిగే బండీ, మా మామయ్య బండీ ఒకటే! ఆ కోడు రాసినవాడు నాలాంటి వాడే అయ్యుంటాడు. బూలియన్ ఒకటి పెట్టేసి ఇంటికెళ్లిపోయుంటాడు.

సరే, సైటుకేం తెలుసులే అని ఊరెళ్లినప్పుడు ఒక ఆటో కన్సల్టెన్సీకి తీసుకెళ్లాం. అక్కడ సైడు చక్రాలు లేని అదే మోడల్, అదే వయసున్న బండి 45 వేలకి అమ్ముతున్నారు. మామయ్య బండికి మాత్రం 28 వేలన్నాడు. ఇదేంటయ్యా అంటే, "సార్, ఇవన్నీ పీకించాలి, బోల్టులు వేసిన చోట సరిచేయించాలి, రంగేయించాలి, అప్పుడు గానీ ఎవరూ కొనరు. సైడు చక్రాలకి విలువుండదు సార్" అన్నాడు. మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. బండెక్కి వచ్చేశాడు.

నాకు నిద్ర పట్టలేదు. వారం తర్వాత అదే షాపుకి నా ఫ్రెండు చేత ఫోన్ చేయించాను, సైడు చక్రాల బండి ఏదైనా ఉందా అని. ఉందట! 2018 మోడల్, 58 వేలు. "పాతదానికి అంతా?" అంటే, "కిట్టు ఉంది కదా సార్, కొత్తది బిగించాలంటే పాతిక వేలవుతుంది" అన్నాడట.

అదీ సంగతి! అమ్మడానికొచ్చినవాడికి ఆ చక్రాలు దరిద్రం. కొనడానికొచ్చినవాడికి అవే చక్రాలు బంగారం. రెండు వైపులా నష్టపోయేది కాళ్లు లేనివాడే. మధ్యలో ఉన్నవాడు కిట్టుని ఒకసారి తీసేసి, ఇంకోసారి కలిపి, రెండుసార్లూ లాభం చేసుకుంటున్నాడు.

ఇదే మా భోజనాల బల్ల దగ్గర చెబితే మనవాళ్ల స్పందన ఏమిటో తెలుసా? "బాసూ, ఎమోషనల్ అవకు. మార్కెట్ ఎంతిస్తే అదే ఫెయిర్ ప్రైస్." పైగా చెప్పినవాడు జోమాటోలో డెలివరీ ఛార్జీ ఇరవై రూపాయలు పెరిగితే గంటసేపు దోపిడీ గురించి ఉపన్యాసం ఇచ్చే మనిషి :)

అయ్యా, మార్కెట్ అంటే ఏమిటి? పదిమంది అమ్మేవాళ్లు, పదిమంది కొనేవాళ్లు, ఒకరి రేటు ఇంకొకరికి తెలియడం. మామూలు యాక్టివాలు ఊళ్లో బోలెడు చేతులు మారతాయి, కాబట్టి 45 వేలు అన్న అంకెకి అర్థముంది. సైడు చక్రాల బండ్లు తెనాలిలాంటి ఊళ్లో ఏడాదికి ఎన్ని చేతులు మారతాయి? వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. కొనాల్సినవాడు రేపల్లెలో ఉంటాడు, అమ్మేవాడు తెనాలిలో ఉంటాడు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరి సంగతీ తెలిసిన ఒకే ఒక్కడు మధ్యలో కూర్చుని చెప్పిన అంకెని మార్కెట్ రేటు అనడమేమిటి? రెండు శాంపిల్స్ తీసుకుని సగటు చెబితే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడే మనమే, ఇక్కడ ఒక్క శాంపిల్‌ని వేదవాక్కు అంటున్నాం.

ఇంకొకాయన ఐడీవీ చూడమన్నాడు. మనవాళ్లకి ఐడీవీ అంటే భలే గురి. అదేమిటో ఒకసారి చూద్దాం. బండి పోయినా, పూర్తిగా పాడైపోయినా ఇన్సూరెన్సువాడు ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. ఆ తరుగుదల పట్టిక అందరికీ ఒకటే: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50. ఐదేళ్లు దాటితే కంపెనీ, బండి యజమాని కలిసి ఒప్పుకున్న అంకె. అంటే బండి రోజూ తుడిచి వాడినా, వానలో వదిలేసినా పట్టికకి ఒకటే. పైగా బయట బిగించిన కిట్టుని పాలసీలో విడిగా చూపించి, దానికి ప్రీమియం కట్టకపోతే ఆ అంకెలో అది అసలు ఉండనే ఉండదు. కిట్టు లేని అంకెని చూపించి కిట్టున్న బండికి బేరమాడడం ఏం న్యాయం?

ఇంతదాకా అమ్మేవాళ్ల తరఫున మాట్లాడాను. ఇక మామయ్యకీ నాలుగు వడ్డించాలి, లేకపోతే పక్షపాతం అంటారు. మామయ్య అడుగుదామనుకున్న రేటు 70 వేలు! ఎలా వచ్చిందంటే, పాత బిల్లులు రెండూ తీసి కూడి, "ఎంతో జాగ్రత్తగా వాడాను" అని కొంచెం తగ్గించాడు. అది తప్పు. పాత బిల్లులో 28 శాతం జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి అది 18 శాతమైంది. అసలు ధర వంద అయితే అప్పట్లో 128, ఇప్పుడు 118. ఆ తేడా పాత బండి విలువలోంచి కూడా పోతుంది, ఎందుకంటే కొనేవాడు పోల్చుకునేది ఇవాళ్టి కొత్త బండితో గానీ మీ పాత బిల్లుతో కాదు. అలాగే కిట్టు కూడా ఇనుమే, అదీ అరుగుతుంది. జాగ్రత్తగా వాడానన్న మాటకి సర్వీసు కాగితాలుంటేనే విలువ.

మరి సరైన రేటు ఎలా కట్టాలి? నాకు తోచిన లెక్క ఇది. బ్రహ్మవిద్యేమీ కాదు.

మొదట, చక్రాలు లేని అదే బండి ఆ ఊళ్లో ఎంతకి పోతోందో చూడాలి. ఇది అందరికీ తెలిసిన అంకె. మామయ్య బండికి 45 వేలు.

రెండోది, ఇవాళ కొత్త కిట్టు బిగించడానికి అయ్యే ఖర్చులో ఇంకా మిగిలున్న ఆయుష్షు ఎంతో అంత కలపాలి. మాకు చెప్పిన రేటు పాతిక వేలు. ఐదేళ్లు దాటి వాడాం కాబట్టి సగం వేసుకున్నాను, 12 వేలు.

మూడోది, వెంటనే చేయించాల్సిన రిపేర్లు తీసెయ్యాలి. ఇక్కడే మామూలు మెకానిక్కులూ పొరబడతారు. రెండు చక్రాల బండి మలుపులో పక్కకి వాలుతుంది. ఈ బండి వాలదు, హ్యాండిలే తిప్పాలి. ఆ ఒత్తిడంతా ముందు టైరు మీదా, ఫోర్కు మీదా, సైడు చక్రాల బేరింగుల మీదా పడుతుంది. కాబట్టి ముందు టైరు ఒక పక్కే అరిగిందేమో చూడాలి. కిట్టు ఫ్రేము చాసిస్‌కి కలిసే చోట వెల్డింగులో పగుళ్లున్నాయేమో లైటు వేసి చూడాలి. ఆ పగులుంటే ఇక రేటు మాట వదిలేసి ఇంటికి పోవడమే మంచిది. సైడు చక్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది ఇంకొకటి. అవి మరీ కిందికి ఉంటే, గుంతలో బండి బరువంతా వాటి మీదే ఆగిపోయి, ఇంజను తిప్పే మధ్య చక్రం గాల్లో తిరుగుతుంది. కాళ్లున్నవాడు దిగి తోసుకుంటాడు. మామయ్యలాంటి వాళ్లు రోడ్డు మధ్యలో ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చోవాలి. మామయ్య బండికి సైడు టైర్లు రెండూ, ఒక బేరింగూ, ముందు టైరూ కలిపి 6 వేలు లెక్క తేలింది.

45 కలపడం 12, తీసివేత 6. మొత్తం 51 వేలు. కన్సల్టెన్సీవాడి 28కీ, మామయ్య 70కీ మధ్య న్యాయం అక్కడుంది.

నాలుగోది కాగితాలు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, నన్నడిగితే మొదట చూడాల్సింది ఇదే. మోటారు వాహనాల చట్టంలో పాత నిర్వచనం ప్రకారం వికలాంగుల బండి అంటే ప్రత్యేకంగా తయారుచేసినదే, ఉన్న బండిని మార్చుకున్నది కాదు. 2019 సవరణలో ఆ పాత మాట తీసేసి 'అడాప్టెడ్ వెహికిల్' అని పెట్టి, అనుమతితో మార్పులు చేసుకున్న బండిని కూడా అందులో చేర్చారు. కాబట్టి మార్పు ఆర్సీలో ఎక్కిందా లేదా చూడాలి. ఎక్కకపోతే ఆ తలనొప్పి కొన్నవాడికి అంటుకుంటుంది, దానికి తగినంత రేటు తగ్గించమని అడగడంలో తప్పు లేదు. బండి పన్ను మినహాయింపుతో రిజిస్టరయి ఉంటే, ఆ మినహాయింపు కొనేవాడికీ వర్తిస్తుందో లేదో ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

అమ్మేవాళ్లకి ఇంకో మాట. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి కన్సల్టెన్సీవాడి చేతికిచ్చి చేతులు దులుపుకోకండి. అమ్మిన 14 రోజుల్లో తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాడిది. బదిలీ కాకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే, ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. మధ్యలో ఎన్ని చేతులు మారినా సరే.

ఇంత చెప్పాక కూడా మా బల్ల దగ్గర ఒకతను, "ఇరవై వేల తేడాకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. నిజమే, మనకది ఒక వీకెండ్ ఖర్చు. మామయ్యకి అది కొత్త కిట్టు ఖర్చులో ముప్పాతిక పైనే. ఆ డబ్బు రాకపోతే కొత్త బండి ఇంకో ఏడాది వాయిదా. ఈలోగా ఉన్న బండి ఆగిపోతే షాపుకి ఆటోలో వెళ్లాలి, అంటే ఎక్కించడానికీ దించడానికీ ఒక మనిషి కావాలి. మనకి బండి లేకపోతే ఆలస్యమవుతుంది. ఆయనకి బండి లేకపోతే రోజు పోతుంది.

మనవాళ్లని నేనడిగేది చందాలు కాదు. పాత బండ్ల సైట్లలో పనిచేసేవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ 'మార్పులు' అన్న గడిని రెండుగా విడగొట్టండి. సైడు చక్రాలున్న బండ్లకి విడిగా ఒక వెతుకుడు పెట్టండి, రేపల్లెవాడికి తెనాలివాడు కనబడతాడు. ఒక్క స్ప్రింటు పని కూడా కాదు.

మామయ్య బండి ఏమైందంటారా? పొన్నూరు నుంచి ఒకాయన వచ్చాడు, డిగ్రీ చదివే కూతురి కోసం. ఆ అమ్మాయే నడిపి చూసుకుంది. నేను నా లెక్క కాగితం ఆయన చేతిలో పెట్టాను. చదివి, వెల్డింగు చూసుకుని, "యాభైకి చేద్దాం బాబూ" అన్నాడు. మామయ్య నా మొహం చూశాడు. నేను తలూపాను. వెయ్యి పోయిందని మామయ్య ఇంకా గొణుగుతూనే ఉన్నాడు :)

నా లెక్కలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. 'మార్కెట్ రేటు' అని మాత్రం అనకండి, ప్లీజ్.