వాల్యూమ్ పెరిగింది... అయితే?

“ధర అబద్ధం చెప్పొచ్చు గానీ వాల్యూమ్ అబద్ధం చెప్పదు.” చార్టుల పాఠాలు చెప్పే గురువులందరిదీ ఇదే తారకమంత్రం. ఈ మంత్రం హైదరాబాద్ దాటి మా జహీరాబాద్ దాకా వచ్చేసింది. షిఫ్టు దిగి వచ్చిన కుర్రాడు కూడా ఫోన్లో పచ్చ గీత చూపించి “అన్నా, వాల్యూమ్ చూసినవా? ఆపరేటర్ దిగిండు” అంటున్నాడు. ఇక మన ఐటీ జనం సంగతి సరేసరి. పైథాన్‌లో పది లైన్లు రాసి దానికి “సిస్టమ్” అని పేరు పెట్టేస్తారు.

అసలు వాల్యూమ్ అంటే ఏంటి? ఇవాళ ఎన్ని షేర్లు చేతులు మారాయో ఆ లెక్క. అంతే! లక్ష షేర్లు ఎవరో కొన్నారంటే, లక్ష షేర్లు ఇంకెవరో అమ్మారనే. “ఈరోజు కొనుగోళ్ళు అమ్మకాల కన్నా ఎక్కువ” అనడం, ఈ ముహూర్తానికి పెళ్ళికూతుళ్ళ కన్నా పెళ్ళికొడుకులు ఎక్కువమంది అన్నట్టుంటుంది. “అలా కాదు, తొందరపడి కొన్నదెవరు, తొందరపడి అమ్మిందెవరు అన్నది పాయింటు” అంటారు. నిజమే, మంచి పాయింటే. కానీ మీ చార్టు కింద నిలబడ్డ ఆ గీతలో ఆ సమాచారం లేదు కదా.

1963లో జోసెఫ్ గ్రాన్‌విల్ అనే అమెరికన్ తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన ఓబీవీనే తీసుకోండి. ధర నిన్నటికన్నా పైన ముగిస్తే ఇవాళ్టి వాల్యూమ్ మొత్తం కూడు, కింద ముగిస్తే మొత్తం తీసెయ్. మా ఊరి అల్లం భాషలో చెప్తాను. మార్కెట్‌లో వెయ్యి బస్తాలు అమ్ముడయ్యాయి. ఆఖరి బస్తా నిన్నటికన్నా ఒక్క రూపాయి ఎక్కువ పలికితే వెయ్యి బస్తాలూ “కొన్నవి”. రూపాయి తక్కువ పలికితే అవే వెయ్యి బస్తాలు “అమ్మినవి”. ఈ లెక్క చెప్తే మా రైతు నవ్వుతాడు. మనం మాత్రం ఫీజు కట్టి మరీ నేర్చుకుంటాం.

సరే, థియరీ వదిలేద్దాం. మన తెలుగువాళ్ళ సొంత ఉదాహరణ ఉంది కదా... సత్యం. 2008 డిసెంబర్ 16న మేటాస్ కొనుగోలు ప్రకటించి, ఇన్వెస్టర్లు గోల చేస్తే వెనక్కి తీసుకున్నారు. షేరు కుప్పకూలింది. ఆ నెలలోనే 140 ప్రాంతానికి పడిపోయినది మళ్ళీ లేచి 2009 జనవరి 6న 179 దగ్గర ముగిసింది. ధర పైన ముగిసిన ప్రతిరోజు వాల్యూమూ ఓబీవీలో కూడికే. పుస్తకం ప్రకారం దీని పేరు “అక్యుములేషన్”, తెలివైన డబ్బు లోపలికి వస్తోందని అర్థం. మర్నాడే రామలింగరాజు ఉత్తరం! లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. షేరు 40 రూపాయల దగ్గర ముగిసింది.

అసలు సంగతి ఏంటంటే, ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టారు. అప్పిచ్చినవాళ్ళు ఆ షేర్లని మార్కెట్లో అమ్ముకుంటున్నారు. ఆ అమ్మకాలు ధర పెరిగిన రోజున పడితే, మన ఇండికేటర్ వాటిని కూడా కొనుగోళ్ళ ఖాతాలోనే రాస్తుంది. ఎవరు అమ్ముతున్నారో, ఎందుకు అమ్ముతున్నారో దానికి తెలీదు, తెలిసే దారి కూడా లేదు. అందుకే సెబీ ఆ జనవరిలోనే ప్రమోటర్ల తాకట్టు వివరాలు బయటపెట్టడం తప్పనిసరి చేసింది. రోగానికి దొరికిన మందు కొత్త ఇండికేటర్ కాదు, సమాచారం. ఈ తాకట్టు లెక్క ఇప్పుడు ఎక్స్ఛేంజ్ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. పచ్చ గీత చూసేవాళ్ళలో దాన్ని తెరిచి చూసేవాళ్ళెంతమంది?

తర్వాత 2009 ఏప్రిల్‌లో షేరుకి 58 రూపాయలు చెప్పి వేలంలో సత్యాన్ని గెలుచుకుంది టెక్ మహీంద్రా. మా ఊళ్ళో ట్రాక్టర్లు చేసే మహీంద్రా గ్రూపుదే ఆ కంపెనీ. వాళ్ళు ఓబీవీ చూసి కొన్నారని నేననుకోను :)

వాల్యూమ్ పనికిరాదని నేననడం లేదు. రోజుకి రెండు వేల షేర్లు కూడా కదలని కంపెనీలో పది వేల షేర్లు కొంటే అమ్ముకోవడం ఎలాగ? ఆ ప్రశ్నకి వాల్యూమ్ చక్కగా జవాబు చెప్తుంది. రేపు ధర ఎటు పోతుందని అడిగితేనే చిక్కు. పైగా నలుగురు కూడబలుక్కుని ఒకరికొకరు అమ్ముకుంటే వాల్యూమ్‌ని పుట్టించొచ్చు కూడా. 2001లో కేతన్ పారేఖ్ వ్యవహారంలో సెబీ పట్టుకున్న సర్క్యులర్ ట్రేడింగ్ అలాంటిదే. అబద్ధం చెప్పదన్న వాల్యూమ్ చేత అబద్ధం చెప్పించడం అంత తేలిక.

2022-23లో నగదు మార్కెట్లో ఇంట్రాడే చేసిన మామూలు మనుషుల్లో పదిమందికి ఏడుగురు నష్టపోయారని సెబీయే 2024లో లెక్క తేల్చింది. వాళ్ళందరి ఫోన్లలోనూ వాల్యూమ్ గీతలు ఉచితంగానే ఉన్నాయి. ఇన్‌పుట్‌లో లేని సమాచారం అవుట్‌పుట్‌లో రాదని ఆఫీసులో క్లయింటుకి రోజూ మనమే చెప్తాం. సాయంత్రం ఇంటికొచ్చి మన సొంత జీతం పెట్టేటప్పుడు ఆ మాట ఎందుకు గుర్తురాదు?