బొమ్మ కింద మీ పేరేదీ?

ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలకు రంగులద్దే చేతుల్ని చూశారా? ఎంత నిలకడ! అలాంటి చేతులే ఒకప్పుడు మన మొక్కల్ని ప్రపంచానికి చూపించాయి. సామర్లకోటలో ఉండగా రాక్స్‌బర్గ్ దొర ఇక్కడి చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి అవి మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో అచ్చయ్యాయి. పుస్తకం మీద దొర పేరుంది, గీసినవాళ్ళ పేర్లు లేవు. తర్వాత రాబర్ట్ వైట్ దగ్గర గీసిన రంగయ్య, గోవిందులు నయం, పేర్లు మిగిలాయి. 1853లో ఒక ఆర్కిడ్ జాతికి గోవిందు పేరే పెట్టాడాయన.

నేనిప్పుడు మందారం గీయడం నేర్చుకుంటున్నాను. రోజూ దేవుడికి పెట్టే ఒంటిరేక మందారమే! రేకులు ఐదు, మధ్య కాడ చివర ఎర్రటి బొడిపెలూ ఐదేనని పెన్సిలు పట్టాకే చూశాను. పువ్వుని బ్లేడుతో నిలువునా కోసి, స్కేలుతో కొలిచి, ఉన్నదున్నట్టు గీయాలి. పురుగు తిన్న ఆకైతే చిల్లుతో సహా. ముగ్గులు వేసే చేతులకు ఇదేమంత కష్టం కాదు. "ఈ వయసులో బొమ్మలేమిటే" అంటారు, అననివ్వండి.

నాకు నచ్చనిదల్లా మన ఆడవాళ్ళు గీసిన కాగితం కింద సంతకం పెట్టకపోవడం. పేరు, తేదీ, మొక్క పెరిగిన చోటు రాయండమ్మా. నేనైతే ధూల్‌పేట్ అనే రాస్తాను. ఆ పేరు చెప్పగానే గుడుంబా గుర్తొచ్చేవాళ్ళకి ఒక మందారం కూడా కనిపించనీ!